14 వర్క్‌ఫ్లోలు, ఒకే ల్యాప్‌టాప్: ఎఫ్‌ఎంఈ ఫారంతో సరిపెట్టుకోవాలా, ఫ్లో సర్వర్‌కు మారాలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం.

మాది విజయవాడలో తొమ్మిది మంది పనిచేసే చిన్న జీఐఎస్ (కంప్యూటరులో పటాలు, వాటి వివరాలు చూసే) విభాగం. పురపాలక సంఘాలకు తాగునీటి పైపులైన్ల పటాలు తయారుచేసి, వాటి వివరాలను ఎప్పటికప్పుడు సరిచూసి అప్పగించడం మా పని. క్షేత్రంలో తిరిగే బృందాలు డీజీపీఎస్‌తో (స్థానాన్ని మరింత కచ్చితంగా చెప్పే జీపీఎస్‌తో) తీసిన బిందువులను సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన పాఠ్య పట్టిక) ఫైళ్లుగా పంపుతాయి, ఇంజినీర్ల దగ్గర నుంచి ఆటోకాడ్ డ్రాయింగులు వస్తాయి, వార్డు కార్యాలయాలు కుళాయి కనెక్షన్ల వివరాలను ఎక్సెల్‌లో ఇస్తాయి. ఈ మూడు రకాలనూ ఒక దారికి తెచ్చి పోస్ట్‌జీఐఎస్ (పోస్ట్‌గ్రెస్‌కు పటాల సమాచారాన్ని జోడించే) డేటాబేసులో చేర్చే పనంతా, డేటాను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే సాఫ్ట్‌వేర్ అయిన ఎఫ్‌ఎంఈ ఫారంలో నేను తయారుచేసిన 14 వర్క్‌స్పేసుల (మెట్లవారీగా కట్టిన వర్క్‌ఫ్లోల) మీద నడుస్తోంది. 2023కు ముందు దీనినే ఎఫ్‌ఎంఈ డెస్క్‌టాప్ అనేవారు కాబట్టి, ఆ పేరుతో వాడిన అనుభవం ఉన్నవారు కూడా దయచేసి సలహా ఇవ్వండి.

ఈ 14లో చాలావరకు నా ల్యాప్‌టాప్ మీదే నడుస్తాయి. రాత్రిపూట నడవాల్సిన వాటిని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌ను ఆఫీసులోనే వదిలి ఇంటికి వెళ్తాను. గత వేసవిలో వరుసగా మూడు రాత్రులు డేటా చేరలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే దోషం జరిగినట్టు ఎక్కడా సందేశం లేదు, కనీసం లాగ్ ఫైలు కూడా పుట్టలేదు. రెండు రోజులు వెతికాక తెలిసిందేమిటంటే, ఆ మూడు రాత్రులూ ఒంటిగంట ప్రాంతంలో మా వీధిలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే షెడ్యూలర్ పనిని మొదలుపెట్టదు, మొదలుపెట్టకపోతే ఫిర్యాదు చేయడానికి కూడా ఏమీ ఉండదు.

ఆ తర్వాత మా చెల్లెలి పెళ్లికి వారం రోజులు సెలవు పెట్టాను. మూడో రోజున ఒక పురపాలక సంఘానికి నివేదిక వెళ్లాల్సి ఉండగా నా సహోద్యోగి దగ్గర వర్క్‌స్పేసు తెరుచుకుంది కానీ ఫైళ్ల దారులన్నీ నా ల్యాప్‌టాప్ ఫోల్డర్లను చూపిస్తున్నాయి. ఫోనులో గంటన్నర సేపు ఒక్కొక్కటీ చెప్పి సరిచేయించాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది మూడో సంఘటన. జిల్లాల వారీగా లెక్కలు చేసే వర్క్‌స్పేసు మా విభాగంలో నాలుగు యంత్రాల్లో నాలుగు ప్రతులుగా ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు నేను నా ప్రతిలో జిల్లా కోడ్ల పట్టిక మార్చాను, మరో ఇద్దరికి పంపాను, నాలుగో యంత్రాన్ని మరిచిపోయాను. చాలా కాలం తర్వాత ఆ యంత్రం నుంచి వెళ్లిన ఒక నివేదికలో పాత జిల్లాలే ఉన్నాయి. పల్నాడు జిల్లాలోకి వెళ్లిన పట్టణాన్ని మేము ఇంకా గుంటూరు కిందే లెక్కవేసి పంపాము.

ఇప్పుడు మా మేనేజరు గారు, ఈ వర్క్‌స్పేసులనే సర్వర్ మీద నడిపే ఎఫ్‌ఎంఈ ఫ్లో, అంటే పాత పేరులో ఎఫ్‌ఎంఈ సర్వర్, కొనాలా వద్దా అని అడుగుతున్నారు. వచ్చే సోమవారానికి రెండు పేజీల నోటు ఇవ్వాలి. మా డేటాబేసులో మొత్తం 3 లక్షల రికార్డులకు మించి లేవు. సర్వర్ అనేది కోట్ల రికార్డులున్న పెద్ద సంస్థలకే అవసరమని మా ఆఫీసులో కొందరి అభిప్రాయం. ఇంత తక్కువ డేటాకు సర్వర్ అడగడం సబబేనా? ఒకవేళ సబబే అయితే 14 వర్క్‌స్పేసులనూ మార్చాలా, కొన్నిటినేనా? ఈ దారిలో నడిచినవారు వివరంగా రాస్తే కృతజ్ఞుడిని.


మొదటి జవాబు (హైదరాబాద్ సభ్యురాలు)

నమస్కారమండీ. మీరు రాసిన మూడు సంఘటనల్లో ఒక్కటి కూడా డేటా పరిమాణం వల్ల జరిగింది కాదని ముందుగా గమనించండి. 3 లక్షల రికార్డులు మీ ల్యాప్‌టాప్‌కు భారం కానే కాదు. అది భారమైనా సర్వర్ కొంటే తగ్గదు, ఎందుకంటే ఫారంలోనూ ఫ్లోలోనూ లోపల పనిచేసేది ఒకే ఇంజిను. మీ వర్క్‌స్పేసు ఇక్కడ పది నిమిషాలు తీసుకుంటే, అదే శక్తి ఉన్న సర్వర్ మీద కూడా దాదాపు పది నిమిషాలే తీసుకుంటుంది. కాబట్టి నోటులో రికార్డుల సంఖ్య గురించి ఒక్క వాక్యం రాసి వదిలేయండి.

నేను నాలుగేళ్లుగా మా సంస్థలో ఫ్లోను చూసుకుంటున్నాను. ఏ వర్క్‌స్పేసు ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి మేము అడిగేది ఒక్కటే: దీని ఫలితం కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు, తయారుచేసినవారు ఆ రోజు ఆఫీసులో లేకపోతే వాళ్లకు ఏమవుతుంది? ఎదురుచూసేది మీరొక్కరే అయితే ఫారం చాలు. మరొకరి పని దాని మీద ఆగి ఉంటే, అది మీ ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు. మీ చెల్లెలి పెళ్లినాడు జరిగింది అదే: పని సంస్థది, యంత్రం మీది.

ఫ్లోలో మీకు అదనంగా దొరికేది ఏమిటో చెబుతాను. వర్క్‌స్పేసు ఒకే చోట, సర్వర్ రిపాజిటరీలో (వర్క్‌స్పేసులను దాచే చోట) ఉంటుంది. నాలుగు ప్రతులు ఉండవు కాబట్టి జిల్లాల పట్టికను ఒక్కసారి మార్చి తిరిగి పబ్లిష్ చేస్తే (సర్వర్‌కు ఎక్కిస్తే) అందరికీ మారినట్టే. పనులు వరుసలో నిలబడతాయి. ఒక్కో ఇంజిను ఒక్కోసారి ఒక్క పనినే చేస్తుంది, అది ముగిశాక తర్వాతది తీసుకుంటుంది. సమయాన్ని బట్టే కాకుండా ఒక ఫోల్డరులో ఫైలు పడగానే పని మొదలయ్యేలా, దెబ్బతింటే ఫలానా వారికి ఈమెయిలు వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఎఫ్‌ఎంఈ అంటే ఏమిటో తెలియని వార్డు ఉద్యోగి కూడా బ్రౌజరులో ఒక చిన్న ఫారం నింపి, తన ఎక్సెల్ జతచేసి, బటన్ నొక్కి ఫలితం తీసుకోగలుగుతారు. మాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఈ చివరిదే. అంతకుముందు మా విభాగంలో ఒకరి సగం రోజు ఇతరుల ఫైళ్లు తీసుకుని, నడిపి, తిరిగి పంపడంతోనే గడిచిపోయేది.

ఇక మారేటప్పుడు ఎదురయ్యే కష్టాలు. ఇవి నోటులో రాయకపోతే, కొన్న మొదటి నెలలోనే మీ మేనేజరు గారు డబ్బు వృథా అయిందని అనుకునే ప్రమాదం ఉంది.

మేము మొదటి వర్క్‌స్పేసును పబ్లిష్ చేసిన రోజు అది పది సెకన్లలోనే దెబ్బతింది. ఫైలు కనబడలేదని లాగ్ చెబుతోంది. ఫైలేమో జెడ్ డ్రైవులో నా కళ్లెదుటే ఉంది. అసలు విషయం ఏమిటంటే, జెడ్ అనే అక్షరం నేను లాగిన్ అయినప్పుడు నా ఖాతాకు తగిలించిన పేరు మాత్రమే. ఇంజిను నడిచేది వేరే సర్వీసు ఖాతా కింద. ఆ ఖాతాకు జెడ్ అనే డ్రైవే లేదు. దారులన్నిటినీ సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చి, ఆ సర్వీసు ఖాతాకు ఫోల్డరు మీద చదివే, రాసే హక్కులు ఇప్పించాక గానీ పని జరగలేదు. మార్చడం మాకు ఒక పూట పని, హక్కులు ఇప్పించడానికి పదకొండు రోజులు పట్టింది. మీ నెట్‌వర్క్ చూసే వారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

తర్వాత ఫాంట్లు. మా పటాల పీడీఎఫ్‌లలో వీధుల పేర్లు తెలుగులో ఉంటాయి. సర్వర్ నుంచి వచ్చిన మొదటి పీడీఎఫ్‌లో పేర్లున్న ప్రతి చోటా ఖాళీ చతురస్రాలు వచ్చాయి, ఎందుకంటే మేము వాడే తెలుగు ఫాంటు మా యంత్రాల్లో ఉంది కానీ సర్వర్‌లో లేదు. పైథాన్ ప్యాకేజీలు, సొంతంగా తయారుచేసుకున్న కోఆర్డినేట్ (బిందువుల స్థానాలను చూపే అంకెల) నిర్వచనాలు, డేటాబేసు కనెక్షన్లు, ఇవన్నీ ఇలాంటివే: మీ యంత్రంలో ఎప్పుడో పెట్టి మరిచిపోయినవి సర్వర్‌లో ఉండవు.

సాఫ్ట్‌వేర్ వెర్షన్ల విషయం కూడా చూసుకోండి. వర్క్‌స్పేసును తయారుచేసిన ఫారం కంటే సర్వర్ పాతది కాకూడదు. ఉత్సాహం కొద్దీ ఫారంను ముందు అప్‌గ్రేడ్ చేసుకుంటే, కొత్తగా పబ్లిష్ చేసినవి పాత సర్వర్ మీద సరిగా నడుస్తాయన్న హామీ ఉండదు. మా నియమం ప్రకారం ముందు సర్వర్, తర్వాతే మనుషుల యంత్రాలు.

మరొక చిన్న మాట. మీరు క్లౌడ్ యంత్రం మీద పెడితే దాని గడియారం తరచుగా యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. రాత్రి 2 గంటలకని మేము పెట్టిన పని ఉదయం ఏడున్నరకు మొదలై, ఆఫీసు తెరిచే వేళకు ఇంకా నడుస్తూ ఉండేది.


రెండవ జవాబు (విశాఖపట్నం నుంచి)

పై సభ్యురాలు గారు రాసినదంతా నిజం. అయితే నేను రెండో వైపు నుంచి మాట్లాడాలనుకుంటున్నాను, ఎందుకంటే సర్వర్ వచ్చిన ఉత్సాహంలో అన్నిటినీ దాని మీదికి ఎక్కించి నష్టపోయినవారిలో మేమూ ఉన్నాము.

వర్క్‌స్పేసు పరిణతి చెందిందా లేదా అన్నది మీ నోటులో ఉండాల్సిన ముఖ్యమైన ప్రశ్న. ఫారంలో కూర్చుని పనిచేసేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా డేటాను ఆపి చూడగలుగుతాము. పటం మీద గీతలు ఎక్కడ పడుతున్నాయో కళ్లకు కనబడుతుంది. సర్వర్ మీద ఆ కన్ను ఉండదు. తప్పు ఫైలు ఇస్తే తప్పు ఫలితాన్ని తయారుచేసి, పని విజయవంతంగా ముగిసిందని ఆకుపచ్చ గుర్తు పెడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. భూమిని రేఖాంశాలను బట్టి 6 డిగ్రీల జోన్లుగా విభజించే యూటీఎం లెక్కలో మన రాష్ట్రం ఒకే జోనులో ఇమడదు. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న భాగం 44వ జోను. అనంతపురం దానికి పడమరన 43లో ఉంటుంది, ఇచ్ఛాపురం తూర్పున 45లో ఉంటుంది. మాకు ఇచ్ఛాపురం నుంచి సీఎస్‌వీ వచ్చింది, అందులో జోను రాయలేదు. వర్క్‌స్పేసు అన్నిటినీ 44గానే తీసుకుంటుంది. ఒక జోను తేడా అంటే రేఖాంశంలో 6 డిగ్రీలు, కాబట్టి ఇచ్ఛాపురం వీధుల్లోని వాల్వులన్నీ తెలంగాణలో నిర్మల్ జిల్లా వైపు పోయి కూర్చున్నాయి. ఫారంలో నడిపి ఉంటే పటం తెరిచిన క్షణంలోనే కనబడేది. రాత్రి సర్వర్ మీద నడిచింది కాబట్టి రెండు వారాల పాటు ఎవరికీ తెలియలేదు. దీనికి సర్వర్‌ను తప్పుపట్టడం లేదు. వచ్చిన బిందువు ఆ పురపాలక సంఘం సరిహద్దులోపలే ఉందా అని అడిగే ఒక్క మెట్టు వర్క్‌స్పేసులో లేకపోవడం మా తప్పు. ఆ మెట్టు పెట్టిన తర్వాతే దాన్ని గమనించే మనిషి లేని చోటికి పంపాల్సింది.

ఎక్సెల్ గురించి మీకు వేరే చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా రాస్తాను. సర్వే నంబరు 12/3 ఉన్న సీఎస్‌వీని వార్డు కార్యాలయంలో ఎవరో ఎక్సెల్‌లో తెరిచి భద్రపరిస్తే, అది మార్చి 12వ తేదీగా మారిపోతుంది. 145/3 మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే ఏ నెలలోనూ 145వ తేదీ లేదు. అంటే ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు, కొన్ని సర్వే నంబర్లు. తేదీగా మారినదాన్ని తిరిగి సర్వే నంబరుగా మార్చే నియమం రాయవచ్చు కానీ, ఆ కార్యాలయంలోని కంప్యూటరులో తేదీ ముందుందో నెల ముందుందో తెలియకుండా రాస్తే 12/3 కాస్తా 3/12 అవుతుంది. ఇది భూమికి సంబంధించిన వివరం. ఇలాంటి ఫైళ్లను మేము ఈనాటికీ ఫారంలోనే, ఒక మనిషి పక్కన కూర్చుని, అనుమానం వచ్చిన చోట ఆ కార్యాలయానికి ఫోను చేసి కనుక్కుని నడుపుతాము. ఆ పనిని సర్వర్‌కు అప్పగించే ఆలోచన మాకు లేదు.

తెలుగు అక్షరాల దగ్గర కూడా ఇలాగే. షేప్‌ఫైలులోని (జీఐఎస్ పటాల ఫైలులోని) వివరాల పట్టిక అయిన డీబీఎఫ్‌లో ఒక పాఠ్య క్షేత్రానికి (ఫీల్డుకు) 254 బైట్లే గరిష్ఠం. యూనికోడ్‌ను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింటుకు (అక్షరం, గుణింతపు గుర్తు వంటి ఒక్కో ముక్కకు) 3 బైట్లు కావాలి. శ్రీకాకుళం అన్న పేరును మనం చదివేటప్పుడు నాలుగక్షరాలే, కంప్యూటరు లెక్కలో మాత్రం 10 కోడ్ పాయింట్లు, అంటే 30 బైట్లు. క్షేత్రం వెడల్పు 25 అని పెట్టి ఉంటే పేరు చివర తెగిపోతుంది. పాత అను ఫాంట్లలో కొట్టిన గ్రామాల పేర్లు వస్తే అవి యూనికోడ్ కానే కావు. ఇలాంటివి మొదటిసారి ఎదురైనప్పుడు మనిషి చూడాలి, నియమం రాయాలి, నాలుగైదు ఊళ్ల ఫైళ్ల మీద పరీక్షించాలి. ఆ పరీక్ష దాటినవాటినే సర్వర్‌కు పంపండి.

మా దగ్గర ఇప్పుడు ఉన్న పద్ధతి ప్రకారం, ఏ వర్క్‌స్పేసైనా వరుసగా పదిసార్లు ఎవరూ చేయి పెట్టకుండా ఫారంలో సరిగా నడిస్తేనే పబ్లిష్ చేస్తాము. పది అన్న అంకెకు శాస్త్రం ఏమీ లేదు, మాకు నమ్మకం కుదిరిన సంఖ్య అది.


మూడవ జవాబు (బెంగళూరులో పనిచేస్తున్న తెలుగువారు)

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. తొమ్మిది మంది ఉన్న విభాగానికి సర్వర్ లైసెన్సు ఏటేటా వచ్చే ఖర్చు. దానితో పాటు ఒక యంత్రం, దానికి అప్‌డేట్లు, బ్యాకప్‌లు, వీటిని చూసుకునే ఒక మనిషి కావాలి. ఆ మనిషి కూడా మీరే అయితే, మీ ల్యాప్‌టాప్ మీద ఉన్న ఆధారం మీ సర్వర్ మీదికి మారుతుందే తప్ప మీ మీద ఆధారపడటం పోదు. మీరు సెలవులో ఉండగా సర్వర్ ఆగిపోతే తిరిగి లేపగలిగిన రెండో వ్యక్తి పేరు నోటులో రాయగలరా? రాయలేకపోతే ముందు ఆ వ్యక్తిని తయారుచేయండి.

ఈ రెండు కొసలకూ మధ్య ఒక దారి ఉంది. ఆఫీసులో ఒక మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరును యూపీఎస్‌తో సహా ఈ పనికే కేటాయించి, వర్క్‌స్పేసులను కమాండ్ లైన్ నుంచి నడపడం. ఎఫ్‌ఎంఈ ఫారం వర్క్‌స్పేసులు అలా నడుస్తాయి. మీ లైసెన్సు రకం దీన్ని అనుమతిస్తుందో లేదో మాత్రం ముందుగా అమ్మకందారుతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

టాస్క్ షెడ్యూలర్‌లో మీరు సరిచేయాల్సినవి ఇవి. కండిషన్స్ పేజీలో, కంప్యూటరు కరెంటు మీద ఉంటేనే పని మొదలుపెట్టమనే గుర్తు ముందునుంచే పెట్టి ఉంటుంది, దాన్ని తీసేయండి. దాని కిందనే బ్యాటరీ మీదికి మారితే పనిని ఆపేయమనే మరో గుర్తు ఉంటుంది. దాన్నీ తీసేయండి, లేకపోతే మొదలైన పని మధ్యలో తెగుతుంది. సెట్టింగ్స్ పేజీలో, అనుకున్న సమయం తప్పిపోతే వీలైనంత త్వరగా నడపమనే గుర్తు ఖాళీగా ఉంటుంది, దాన్ని పెట్టండి. మీ మూడు రాత్రుల సమస్య ఈ మూడు గుర్తులతోనే తీరేది. యూజరు లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడపమని ఎంచుకుంటే మాత్రం హైదరాబాద్ సభ్యురాలు గారు చెప్పిన జెడ్ డ్రైవు కష్టం ఇక్కడా వస్తుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మారిన రోజున షెడ్యూలర్‌లోనూ మార్చాలి.

అయితే ఎక్కడ నడిపినా సరే, తప్పనిసరిగా చేయాల్సింది ఒకటి ఉంది. దోషం జరిగితే ఈమెయిలు పంపు అనే ఏర్పాటు, యంత్రమే ఆగిపోయిన రోజున పనిచేయదు. ఆగిపోయిన యంత్రం ఈమెయిలు ఎలా పంపుతుంది? అందుకే ప్రతి వర్క్‌స్పేసు చివర పోస్ట్‌గ్రెస్‌లోని ఒక చిన్న పట్టికలో ఒక వరుస రాయించండి: ఏ వర్క్‌స్పేసు, ఎప్పుడు ముగిసింది, ఎన్ని రికార్డులు చదివింది, ఎన్ని రాసింది. వేరే యంత్రం నుంచి ఉదయం 7 గంటలకు ఒక క్వెరీ ఆ పట్టికను చూసి, నిన్న రాత్రి రావాల్సిన వరుస రాకపోతే కబురు పంపాలి. వచ్చిన కబురును బట్టి కాకుండా రాని కబురును బట్టి కనిపెట్టే పద్ధతి ఇది. చదివినవి 4,000, రాసినవి 12 అని ఉన్న రోజున కూడా మీకు వెంటనే తెలుస్తుంది. అలాంటి రోజుల్లో లాగ్‌లో ఒక్క దోషం కూడా ఉండకపోవచ్చు.

ఖర్చు అసలే కుదరదంటే, మీ 14లో సూటిగా ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పనులు ఎన్ని ఉన్నాయో చూడండి. సీఎస్‌వీని లేదా షేప్‌ఫైలును పోస్ట్‌జీఐఎస్‌లోకి ఎక్కించడానికి జీడాల్ అనే ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఓజీఆర్2ఓజీఆర్ అన్న కమాండు చాలు. లినక్స్ యంత్రం మీద, అక్కడి షెడ్యూలర్ అయిన క్రాన్‌తో నడపండి. ముందటి పని ముగియకుండా రెండోది మొదలవకుండా ఫ్లాక్ అనే కమాండును ముందు పెట్టండి. బొమ్మ గీసి తయారుచేసుకునే పద్ధతే కావాలంటే అపాచీ హాప్ ఉంది. పెంటాహో కెటిల్ నుంచి 2019లో వేరుపడిన ప్రాజెక్టు ఇది. హాప్‌లో గీయడానికి ఒక ఉపకరణం, కమాండ్ లైన్ నుంచి నడపడానికి మరొకటి, దూరపు యంత్రం మీద నడపడానికి ఒక సర్వర్, మూడూ ఉచితంగానే ఉన్నాయి. ఆటోకాడ్ డ్రాయింగుల విషయంలో మాత్రం ఎఫ్‌ఎంఈ ఇచ్చే సౌకర్యం వీటిలో నాకు దొరకలేదు, కాబట్టి ఆ వర్క్‌స్పేసులను కదపమని చెప్పను.


ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. శని, ఆదివారాలు కూర్చుని 14 వర్క్‌స్పేసులనూ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని ఎదుట ఎవరు ఎదురుచూస్తున్నారో, పదిసార్లు చేయి పెట్టకుండా నడిచిందో లేదో రాశాను.

మొదట తేలినది నేను ఊహించనిది. నాలుగింటి ఫలితం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అందులో ఒకటి ప్రతి శుక్రవారం ఒక ఎక్సెల్ తయారుచేసి ఒక ఫోల్డరులో పెడుతోంది. ఆ ఎక్సెల్ అడిగిన ఇంజినీరు గారు బదిలీ అయి ఏడాదిన్నర దాటింది, అప్పటి నుంచీ ఆ ఫోల్డరును ఎవరూ తెరవలేదు. ఆ నాలుగింటినీ ఆపేశాను.

ఆరు వర్క్‌స్పేసులు ఫారంలోనే ఉంటాయి. వార్డుల నుంచి వచ్చే ఎక్సెల్ షీట్లను శుభ్రం చేసేవి, కొత్తగా చేరిన పురపాలక సంఘాల డ్రాయింగులను మొదటిసారి పరిశీలించేవి ఇందులో ఉన్నాయి. 12/3 గురించి చదివాక మా డేటాబేసులో వెతికితే, సర్వే నంబరు ఉండాల్సిన చోట తేదీ ఉన్న రికార్డులు 37 దొరికాయి. వాటిని ఒక్కొక్కటిగా కాగితాలతో సరిచూస్తున్నాము.

మిగిలిన నాలుగూ సర్వర్‌కు తగినవని అనిపిస్తోంది. రాత్రి డీజీపీఎస్ బిందువులను ఎక్కించేది, సుమారు 35 నిమిషాలు నడుస్తుంది. ఇంజినీర్లు డ్రాయింగు పెట్టగానే లేయర్ల పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసి చెప్పేది, ఒక్కోటి ఆరేడు నిమిషాలు, రోజుకు పది వరకు వస్తాయి. వార్డు ఉద్యోగులు కనెక్షన్ నంబరు ఇచ్చి పటం ముక్కను తీసుకునేది, రెండు నిమిషాలు, రోజుకు పదిహేను సార్లు. చివరిది జిల్లాల వారీ నెలవారీ నివేదిక, 50 నిమిషాలు. వీటికి ఒక్క ఇంజిను సరిపోతుందా, రెండు అడగాలా? సర్వర్‌ను చూసుకోవడానికి రెండో వ్యక్తిగా మా విభాగంలో ఒక సహోద్యోగిని ముందుకు వచ్చారు, ఆవిడ పేరు నోటులో రాశాను.


మొదటి జవాబు ఇచ్చిన సభ్యురాలు

ఒక్కటి సరిపోతుంది. పగలు డ్రాయింగులకు 70 నిమిషాలు, పటం ముక్కలకు 30 నిమిషాలు, అంటే పని గంటల్లో ఇంజిను మొత్తం వంద నిమిషాలే నడుస్తుంది. అప్పుడప్పుడు వార్డు ఉద్యోగి ముందున్న డ్రాయింగు ముగిసేదాకా ఆరేడు నిమిషాలు ఆగాల్సి రావచ్చు. ఆ సంగతి బ్రౌజరులోని ఆ ఫారం పైనే రాసి పెట్టండి, లేకపోతే వాళ్లు బటన్‌ను నాలుగుసార్లు నొక్కుతారు, వరుసలో నాలుగు పనులు చేరతాయి.

నెలవారీ నివేదికను మాత్రం పగలు నడపకండి. అది 50 నిమిషాలు ఇంజినును పట్టుకుని కూర్చుంటుంది, కౌంటరు దగ్గర నిలబడిన మనిషికి ఆ సమయం చాలా ఎక్కువ. దాన్ని రాత్రి 11 గంటలకు పెట్టి, డీజీపీఎస్ పనిని ఒంటిగంటకు ఉంచండి. నివేదికలో ఆ రోజు బిందువులు కూడా ఉండాలంటే ఈ క్రమాన్ని తిరగేసి, మొదటిది విజయవంతంగా ముగిశాకే రెండోది మొదలయ్యేలా ఆటోమేషన్‌లో ఒకదాని వెనుక ఒకటి కట్టండి. గడియారాన్ని నమ్ముకుని రెండింటినీ విడివిడిగా పెడితే, బిందువులు ఎక్కువగా వచ్చిన రాత్రి సగం డేటాతో నివేదిక తయారవుతుంది.

సర్వర్ మీద తెలుగు ఫాంటు పెట్టించడం మరిచిపోకండి.